బ్యాలే అంటే కాలివేళ్ల మీద నిలబడటమేనా? అపోహలు – వాస్తవాలు

ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురంలో ఇరవై ఏళ్లుగా కూచిపూడి నేర్పుతున్నాను. పిల్లలతో నృత్యరూపకాలు కూడా చేయిస్తుంటాను. మన తెలుగువాళ్లు వాటినీ, యూరప్ నుంచి వచ్చిన నాట్యం పేరుతో, బ్యాలే అనే అంటారు. మన నర్తకుడు ఉదయ్ శంకర్ 1923లో లండన్‌లో రష్యన్ బ్యాలే తార అన్నా పావ్లోవాతో కలిసి రాధాకృష్ణుల నృత్యం చేశారు. తర్వాత ఆయన మన దేశంలో చేసిన బృందనృత్యాలను కూడా బ్యాలే అనే పిలిచారు. పేరు ఒకటే కావడంతో అపోహలూ కలిసిపోయాయి. తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగేవాటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. ఉదాహరణకు లండన్ కొరియోగ్రాఫర్ అక్రమ్ ఖాన్‌ను తీసుకున్నాను. ఆయన చేసిన ‘జిసెల్’ అనే బ్యాలే మన గంజాం వాళ్లు తప్పకుండా చూడాల్సిన పని.

అపోహ: బ్యాలే చేయించాలంటే చిన్నప్పటి నుంచి బ్యాలేనే నేర్చుకోవాలి.

వాస్తవం: అక్రమ్ ఖాన్ 1974లో లండన్‌లో, బంగ్లాదేశ్ నుంచి వెళ్లిన కుటుంబంలో పుట్టారు. ఏడేళ్లకు ప్రతాప్ పవార్ దగ్గర కథక్ మొదలుపెట్టారు. ఇంగ్లిష్ నేషనల్ బ్యాలే అనే బృందం కోసం ఆయన 2014లో ‘డస్ట్’, 2016లో ‘జిసెల్’ చేశారు. గాలిలో తేలడం సాధన చేసిన డాన్సర్ల ఒంట్లోకి నేలను తొక్కే బరువు, కథక్ లయ తెచ్చారు. మన కూచిపూడి అడుగుల్లో, మోకాళ్లు పక్కకు వంచి సగం కూర్చునే అరమండిలో కూడా ఆ బరువే ఉంది.

అపోహ: పాత కథకు కొత్త డ్రెస్సులు వేస్తే కాంటెంపరరీ, అంటే ఈ కాలపు నృత్యం, అయిపోతుంది.

వాస్తవం: ఇది కొంచెం వివరంగా చెప్పాలి. ‘జిసెల్’ 1841లో పారిస్‌లో మొదటిసారి ఆడింది. మారువేషంలో వచ్చిన ఒక జమీందారీ యువకుణ్ణి జిసెల్ అనే పల్లెటూరి పిల్ల ప్రేమిస్తుంది. మోసం తెలిసి మతి చెడి చనిపోతుంది. పెళ్లి కాకుండానే పోయిన అలాంటి అమ్మాయిల ఆత్మలు రాత్రిపూట అడవిలో మగవాళ్లను పట్టుకుని చచ్చేదాకా ఆడిస్తాయి. వాళ్లనే విల్లీలు అంటారు. ఖాన్ ఆ పల్లెను తీసేశారు. ఆయన జిసెల్ మూతపడిన బట్టల ఫ్యాక్టరీలో పని పోగొట్టుకున్న వలస కూలీ. స్టేజి మీద టిమ్ యిప్ డిజైన్ చేసిన పెద్ద గోడ ఉంటుంది, దాని నిండా అరచేతి గుర్తులు. ఇవతల కూలీలు, అవతల యజమానులు. రెండో అంకంలో విల్లీలు ఫ్యాక్టరీలో చనిపోయిన ఆడకూలీల ఆత్మలు. వాళ్ల చేతుల్లో పొడవాటి బెత్తాలుంటాయి.

గంజాం నుంచి సూరత్ పవర్‌లూములకు ఎంతమంది వెళ్తారో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఖాన్ ‘జిసెల్’ వీడియో క్లిప్పులు చూపించిన రోజు మా క్లాసులో ఒక పిల్ల, ‘మా నాన్న కూడా గోడకి ఇవతలే కదా టీచర్’ అంది. వాళ్ల నాన్న సూరత్‌లోనే ఉంటాడు. ఎప్పుడో 1841లో పుట్టిన కథ ఆ పిల్లకు సొంత ఇంటి సంగతి అయింది. కాంటెంపరరీ అని నేను దీన్నే అంటాను.

అపోహ: కాలివేళ్ల మీద నిలబడితేనే బ్యాలే.

వాస్తవం: ఖాన్ ‘జిసెల్’లో పాయింట్ షూ, అంటే వేళ్ల మీద నిలబడటానికి వేసుకునే గట్టి షూ, రెండో అంకం దాకా రాదు. దాన్ని ఆయన చనిపోయినవాళ్ల కోసమే దాచిపెట్టారు. వాళ్లు నేలకు తగలనట్టు నడవాలి కాబట్టి.

ఆ షూ లోపల చెక్క ఉంటుందనుకుంటారు. ఉండదు. గుడ్డ, కాగితం పొరలను జిగురుతో అతికి గట్టిపరుస్తారు. ఆమధ్య ఒకావిడ తన ఎనిమిదేళ్ల పాపకు ఆన్‌లైన్‌లో తెప్పించి నాకు చూపించింది. దయచేసి ఆ పని చేయకండి. కొన్నేళ్ల శిక్షణ తర్వాత, మడమలు, నడుము బలపడ్డాక, మామూలుగా పదకొండు పన్నెండేళ్లు దాటాకే, అదీ టీచర్ చూసి సరేనంటేనే వేయాలి. అరమండిలో మోకాళ్లను బలవంతంగా పక్కకు తిప్పించడం కూడా అంతే ప్రమాదం. ఆ తిరుగుడు తుంటి కీలు నుంచి రావాలి. మోకాలి నుంచి లాగితే మోకాలే పాడవుతుంది.

అపోహ: కొరియోగ్రాఫర్ అంటే స్టెప్పులు చెప్పే మాస్టారు.

వాస్తవం: స్టెప్పులు డాన్సర్ల ఒంట్లో చాలానే ఉంటాయి. ఏవి ఉంచాలి, ఎవరు ఎప్పుడు కదలకుండా నిలబడాలి, కథలో ఏం చెప్పకుండా వదలాలి, ఇవి తేల్చడమే అసలు పని. ‘జిసెల్’కు ఖాన్ ఒక్కరే కూర్చోలేదు. ఆడాల్ఫ్ ఆడమ్ పాత సంగీతాన్ని ఆధారం చేసుకుని విన్సెంజో లమాన్యా కొత్తగా స్వరపరిచారు. కథ నడకను సరిచూడటానికి రూత్ లిటిల్ ఉన్నారు.

కిందటేడు మేం పట్టు మగ్గం మీద ఒక రూపకం మొదలుపెట్టాం. పిల్లలు ముందు చేతులతో నాడె (మగ్గంలో అడ్డనూలు దాటించేది) విసురుతున్నట్టు చూపించారు. చక్కగానే ఉంది, కానీ చూసిన పది సెకన్లకే అయిపోయింది. చేతులు వెనక్కి కట్టుకుని చేయమన్నాను. అప్పుడు భుజం కదిలింది, వీపు కదిలింది, గుంట మగ్గంలో చెక్క తొక్కే కాలు కదిలింది. మూడు వారాలు అదే చేశాం.

ఒక సాయంత్రం ఓ పిల్ల తాతగారు తీసుకెళ్లడానికి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి మొత్తం చూశారు. నలభై ఏళ్లు మగ్గం మీద కూర్చున్న మనిషి. ‘అమ్మా, నాడె విసిరినప్పుడు మేం ఊపిరి బిగబడతాం. ఈళ్లు వదిలేస్తన్నారు’ అన్నారు. మర్నాడు తాళంలో ఆ నాలుగు మాత్రల నృత్యం మార్చాం. నాడె వెళ్లేటప్పుడు పన్నెండుమందీ ఊపిరి బిగబట్టారు, మృదంగం కూడా ఆపేశాం.