ఇంట్లో వీణ కచేరీ: అపోహలు - వాస్తవాలు

వీణ నా వృత్తి. సభల్లోనూ వాయిస్తాను, ఇళ్లలో పదిహేను ఇరవై మంది ముందూ వాయిస్తాను. ఈ రెండో రకం కచేరీల గురించి తరచూ వినే మాటలకు నా సమాధానాలివి.

అపోహ: సభల్లో అవకాశం రానివారే ఇళ్లలో వాయిస్తారు.

వీణ ధనమ్మాళ్ (1867-1938) మద్రాసు జార్జిటౌన్‌లోని తన ఇంట్లో శుక్రవారం సాయంత్రాలు వాయించేవారు. పేరుమోసిన విద్వాంసులు సైతం అక్కడికి వెళ్లి కిక్కురుమనకుండా కూర్చుని వినేవారు. మన క్షేత్రయ్య పదాలు పలికించడంలో ఆమెది ప్రత్యేకమైన పేరు. అవకాశాలు లేక చేసిన పని కాదది.

అపోహ: మైకు లేకపోతే వీణ వినిపించదు.

పెద్ద హాల్లో అది నిజం. గదిలో కాదు. నా దృష్టిలో వీణకు ప్రాణం మీటులో కంటే మీటిన తర్వాత మిగిలే నాదంలో ఉంది. సహానా రాగం వాయిస్తూ ఒక మెట్టు (తీగల కింద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) మీద తీగను పక్కకు లాగితే, ఒక్క మీటులోనే మూడు నాలుగు స్వరాలు పలుకుతాయి. చివరి స్వరం చాలా సన్నగా ఉంటుంది. హాల్లో అది వెనక వరుసకు అందదేమోనని మళ్లీ మీటుతాను. మీటగానే ఆ జారుడు తెగిపోతుంది. గదిలో ఆ భయం లేదు, నాదం ఆరిపోయేదాకా ఆగగలను. అందుకే అదే రాగం ఇంట్లో వేరే రూపం తీసుకుంటుంది. నాకు దక్కే అసలు ప్రతిఫలం ఇదే.

అపోహ: వినేవారికి శాస్త్రం తెలిసి ఉండాలి.

అక్కరలేదు. రెండు బారల దూరంలో కూర్చున్నవారికి ఎడమచేతి వేళ్లు తీగను ఎంత లాగుతున్నాయో కనిపిస్తుంది. ఒక ఇంట్లో సంగీతం నేర్చుకోని బడిపిల్ల ఆలాపన ఆగగానే, "అమ్మా, ఇందాక తీగ లాగారే, అది మళ్లీ ఒకసారి వాయిస్తారా?" అని అడిగింది. ఈసారి ఇంకా నెమ్మదిగా లాగాను. అంతకుముందు రెండు స్వరాల మధ్య తొందరగా దాటేస్తున్న చోట నిలబడడానికి ఎంతో జాగా ఉందని అప్పుడే తెలిసింది. ఇప్పుడు సభల్లోనూ అక్కడ ఆగుతున్నాను. వేదిక మీద ఉండగా అలా అడిగేవారెవరు?

అపోహ: కొద్దిమందే కదా, సాధన తక్కువైనా సరిపోతుంది.

పూర్తిగా తప్పు. శ్రుతి వెంట్రుకవాసి తప్పినా అందరికీ తెలుస్తుంది. ఇంటి కచేరీకే నేను ఎక్కువ సాధన చేస్తాను.

అపోహ: ఇంటి కచేరీకి పారితోషికం అడగకూడదు.

అడగాలి, అదీ ముందే. మృదంగం వాయించేవారికి ఎంత ఇవ్వాలో కూడా అప్పుడే చెప్పాలి. ఇక పిలిచేవారు చూసుకోవలసినవి కొద్దిపాటివే. జంపఖానా చాలు, వేదిక అక్కరలేదు. ఎండాకాలంలో ఇబ్బందే అయినా ఆలాపన సాగినంతసేపు ఫ్యాను ఆపండి. వీణను ఎండ తగిలే కిటికీ పక్కన మాత్రం పెట్టనివ్వకండి. మెట్లను నిలబెట్టేది మైనమే, వేడికి అది మెత్తబడుతుంది.