నోరున్నది ఒకటి, నడుమున్నది ఒకటి: మలేరి ఎర్రమట్టిలో తేలని లెక్క

పాలమూరు పక్క ఒక బడిలో సైన్స్ ఫెయిర్. తొమ్మిదో తరగతి పిల్ల థర్మకోల్‌తో డైనోసార్ చేసి పెట్టింది. పచ్చరంగు ఒళ్లు, ఎర్ర నాలుక, ముందు కాళ్లలో ఇంకేదో చిన్న జంతువు. కింద స్కెచ్ పెన్నుతో చీటీ: ‘ఆల్వాకేరియా. తెలంగాణ డైనోసార్. మాంసాహారి.’ జడ్జిగా వెళ్లిన నేను, ‘మాంసాహారి అని ఎట్ల తెలుసమ్మా?’ అనడిగాను. ‘పండ్లను బట్టి సార్’ అంది. భేష్ అని పదికి తొమ్మిది వేసి వచ్చాను.

ఇంటికొచ్చాక ఎందుకో ఆ చీటీ మనసులో మెదిలింది. దానిలో ఉన్న మాటలు నాలుగే. ఒక్కొక్కటి సరిచూద్దామని కూర్చుంటే, గట్టిగా నిలబడింది ‘తెలంగాణ’ ఒక్కటే. పేరు ఒకసారి మారింది. డైనోసార్ అన్న మాట సగమే నిజం కావచ్చు. మాంసాహారి అన్నదానికైతే కాళ్లే లేవు.

తెలంగాణ అన్నా మన దిక్కు కాదు. నల్లగొండలోనూ పాలమూరులోనూ బావి తవ్వితే తగిలేది ఎక్కువగా గ్రానైట్ జాతి రాయి. దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. కరిగిన రాయి గడ్డకట్టి అయిన బండలో ఎముక నిలవదు. హుజూర్‌నగర్, మఠంపల్లి దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలకు పోయే సున్నపురాయి నీళ్ల అడుగున పేరుకున్నదే. కాబట్టి అక్కడ దొరకొచ్చు కదా అని కొందరికి ఆశ. కానీ ఆ పొరలు ఎముకలున్న జీవులు భూమ్మీదికి రాకముందువి. ఇంట్లో పరిచిన బండల మీద చెట్టుకొమ్మల్లా కనిపించే నల్లగీతలను చూపించి ‘ఇది శిలాజమే కదా’ అని అడిగినవాళ్లు నాకు కనీసం పదిమంది ఉంటారు. అవి రాతి సందుల్లోకి దిగిన నీళ్లు వదిలిన ఖనిజం మరకలు. మనకు దగ్గర్లో డైనోసార్ల కాలపు మట్టి కావాలంటే పరిగి దాటి వికారాబాద్ దిక్కు నస్కల్ దాకా పోవాలి. అక్కడి పొరల్లో దొరికిన ఎలుకంత పాలిచ్చే జంతువు పళ్ల గురించి 1988లో లోకానికి తెలిసింది. అది డైనోసార్ల చివరి రోజుల ముచ్చట. మన కథ వాటి మొదటి రోజులది, 23 కోట్ల ఏళ్ల కిందటిది. దానికోసం ఆసిఫాబాద్ పోవాలి.

ప్రాణహిత–గోదావరి లోయలో మలేరి అనే ఊరుంది. దాని చుట్టుపక్కల ఎర్రటి బంకమట్టి, మధ్యమధ్య ఇసుకరాతి పొరలు. నాగపూర్‌లో ఉన్న స్టీఫెన్ హిస్లాప్ అనే స్కాట్లండ్ మిషనరీ 1850ల్లో ఇక్కడి ఎముకల సంగతి బయటపెట్టాడు. మతప్రచారానికి వచ్చినవాడు రాళ్లు ఏరుకోవడమేంటని అప్పట్లో ఎవరైనా అనుకున్నారేమో గానీ, ఆయన పేరు ఇవాళ మలేరి మొసలిలాంటి జంతువు పారాసూకస్ హిస్లోపైకి ఉంది. తర్వాత 1880ల్లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త లైడెక్కర్, 1940లో జర్మనీకి చెందిన ఫాన్ హ్యూనె ఈ ఎముకల మీద రాశారు. అసలు పని మొదలైంది మాత్రం 1950ల చివర్లో. కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతున్న మహలనోబిస్, లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే శిలాజ శాస్త్రవేత్తను పిలిపించారు. లెక్కల సంస్థకు ఎముకలతో ఏం పని అనొచ్చు. కానీ గోదావరి లోయ డైనోసార్లలో చాలావాటిని తవ్వి తీసింది ఆ లెక్కల సంస్థవాళ్లే. మలేరిలో దొరికిన ఒక జంతువుకు ఎక్సెరెటోడాన్ స్టాటిస్టికే అని పేరు పెట్టుకుని ఆ రుణం తీర్చుకున్నారు కూడా.

ఆ సంస్థ నుంచి ఎదిగినవారే శంకర్ చటర్జీ. 1987లో ఆయన మలేరి కింది పొరల్లోని ఒక చిన్న జంతువును లోకానికి పరిచయం చేశారు. బ్రిటిష్ శాస్త్రవేత్త ఆలిక్ వాకర్ గౌరవార్థం ‘వాకేరియా’ అన్నారు. తీరా చూస్తే ఆ పేరు అప్పటికే నాచులా కనిపించే ఓ సముద్రపు జీవికి ఉంది. జంతువుల పేర్లలో ముందు పెట్టినవాడిదే హక్కు. 1994లో ఆలిక్‌లోంచి ‘ఆల్’ తెచ్చి ముందు తగిలించి ‘ఆల్వాకేరియా’ చేశారు. పేరు గొడవ అంతటితో తీరింది.

ఒళ్లు గొడవ తీరలేదు. ఈ జంతువు మొత్తానికి ఉన్నది ఒక్కటే నమూనా. పుర్రె మధ్యభాగం, వెనకభాగం లేవు. మిగిలింది వేలెడంత ముక్కు కొస, దవడల ముందు భాగం. దాంతోపాటు విరిగిన వెన్నుపూసలు ఓ ఇరవై ఎనిమిది, తొడ ఎముక చాలా వరకు, చీలమండ ఎముక ఒకటి. అన్నీ కలిపినా ఒక చాటలో పడతాయి. తోకతో కలుపుకున్నా మనిషి పొడవు ఉండేది కాదు. సినిమాల్లో జీపుల వెంట పడే సరుకు కాదిది.

ఇప్పుడు ఆ పిల్ల చెప్పిన ‘పండ్లు’. పై దవడలో ముందు పళ్లు సన్నగా, నిటారుగా ఉన్నాయి. తర్వాత కొంచెం ఖాళీ. ఆ వెనక పళ్లు మాంసాహారి పళ్లలా లోపలికి వంగి ఉన్నాయి. ఇంతవరకు చూస్తే వేటగాడే. కానీ వరి కోసే కొడవలి అంచుకు ఉన్నట్టు, మాంసం కోసే పంటి అంచుకు సన్నటి రంపపు కక్కులుండాలి. దీని పళ్లకు అవి లేవు. కింది దవడ రెండు సగాలూ కలిసే చోటు కూడా మామూలుగా కనిపించనంత వెడల్పు. వంగిన పన్ను ‘మాంసం’ అంటుంది, నున్నటి అంచు ‘అంత ఖాయంగా చెప్పకు’ అంటుంది. అందుకే పురుగులు, చిన్న చిన్న బల్లులు, దొరికితే ఆకు అలము, అన్నీ తిని ఉంటుందని ఎక్కువమంది అంచనా. 1993లో అర్జెంటీనా నుంచి పేరు పొందిన ఈయోరాప్టర్‌కూ ఇలాగే రెండు రకాల పళ్లున్నాయి.

పన్ను ఏం తినగలదో చెప్తుంది, ఏం తిన్నదో చెప్పదు. మా వాడకట్టు కుక్కకు కోరలున్నాయి. అది పొద్దున సద్దన్నం, మధ్యాహ్నం పెరుగన్నం తిని అరుగు మీద పడుకుంటుంది. రేపు దాని దవడ ఒక్కటే దొరికితే ఎవడైనా పెరుగన్నం అని రాస్తాడా?

తిన్నది చెప్పేది కడుపు. అదే మలేరి మట్టిలో ఆ సాక్ష్యమూ దొరికింది. పక్కపక్కనే రెండు పారాసూకస్ అస్థిపంజరాలు బయటపడ్డాయి. వాటి పొట్ట ఉండే చోట మలేరిసారస్ అనే బల్లిలాంటి జంతువు ఎముకలున్నాయి. 1970ల చివర్లో, 1980లో చటర్జీయే వీటిని వివరించారు. ఎవరు ఎవర్ని మింగారో అక్కడ వాదన లేదు. ఆల్వాకేరియాకు అలాంటి అదృష్టం పట్టలేదు.

అసలు దెబ్బ 2005లో పడింది. జర్మనీకి చెందిన రెమెస్, రౌహుట్ అనే ఇద్దరు ఈ ఎముకలను పరీక్షించి, ఇది ఒక జంతువే కాదేమో అన్నారు. తొడ ఎముక, చీలమండ డైనోసార్‌వే. పుర్రె ముక్క మాత్రం మొసళ్ల వంశం వైపు జంతువుదిలా ఉంది. వెన్నుపూసల్లో కొన్ని పొడుగు మెడ బల్లిలాంటి జంతువుల జాతివై ఉండొచ్చు. అంటే పళ్లు ఒకరివి, కాళ్లు ఇంకొకరివి, వెన్ను మరొకరిది.

ఇదెలా సాధ్యమని నాకు అనుమానం రాలేదు. 2009 అక్టోబర్ వరద తగ్గాక అలంపూర్ వెళ్లినప్పుడు చూసిందే గుర్తొచ్చింది. తుంగభద్ర ఒడ్డున కంపచెట్టు మొదట్లో బురద పేరుకుని ఉంది. పైన ఎండి పెంకులు పెంకులుగా లేచింది, కింద ఇంకా జిగురుగా ఉంది. కట్టెతో కదిపితే గొర్రె దవడ వచ్చింది. జానెడు పక్కన బర్రె పక్కటెముక, దానికి చుట్టుకుని మక్క చొప్ప, ఇంకాస్త కింద కోడి కాలు. ఏ ఊరి గొర్రెదో, ఏ కొట్టంలోని బర్రెదో. నాలుగు రోజుల వరద ఒక గుప్పెడు బురదలో మూడు జీవాలను కలిపింది. మలేరి మట్టి కూడా నదులు, వాటి వరద మైదానాలు పరిచిందే. పైగా ఈ ఎముకలన్నీ చిన్నవి, తేలిగ్గా కొట్టుకుపోయేవి.

కలిసి దొరికిన ఎముకలు ఒకరివేనా అన్నది తేల్చే ఒక పరీక్ష మనవాళ్లకు చేదుగా తెలుసు. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన నడుములను చూసినవాళ్లకు ఎముక ఫ్లోరైడ్‌ను ఎలా పీల్చుకుంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు. బతికున్న ఎముకే కాదు, పాతిపెట్టిన ఎముక కూడా భూగర్భ జలం నుంచి దాన్ని మెల్లగా తీసుకుంటుంది. ఒకేచోట పాత ఎముకలో ఎక్కువ, కొత్తదానిలో తక్కువ ఉంటుంది. ఇంగ్లండ్‌లో 1912లో ఆదిమానవుడని చాటిన పిల్ట్‌డౌన్ పుర్రె, మనిషి కపాలానికి ఒరాంగుటాన్ దవడ కలిపిన మోసమని 1953లో తేలడంలో ఈ ఫ్లోరిన్ లెక్కది పెద్ద పాత్ర. అయితే మలేరి విషయంలో అది పనికిరాదు. ఇక్కడ ఎవరూ మోసం చేయలేదు. ఒకే కాలంలో చచ్చి ఒకే బురదలో పడ్డ రెండు జంతువులను ఫ్లోరిన్ విడదీయలేదు. కాబట్టి ఒక్కో ఎముక ఆకారాన్నీ తెలిసిన జంతువులతో పోల్చుకుంటూ పోవడమే దారి. లేదా అదే పొరలో తల, కాలు అతికి ఉన్న ఇంకొకటి దొరకాలి.

ఈలోగా 2025లో అదే లోయ నుంచి ఇంకో పేరు వచ్చింది: మలేరిరాప్టర్ కుట్టీ. అన్నారం అనే ఊరి దగ్గర, మలేరి పై పొరల్లో ఆ లెక్కల సంస్థకే చెందిన టి.ఎస్. కుట్టీ సేకరించిన ఎముకలివి. అర్జెంటీనా, బ్రెజిల్ శాస్త్రవేత్తలతో కలిసి చటర్జీయే వివరించారు. వయసు సుమారు 22 కోట్ల ఏళ్లు. ఇది హెర్రెరాసారస్ వంశానిది. ఆ వంశం నిఖార్సైన వేటగాళ్లది, దక్షిణ అమెరికాలో దొరికిన వాటి పళ్లకు రంపపు అంచులున్నాయి. కానీ మలేరిరాప్టర్‌కు ఉన్నవి కటి ఎముకలు, కొన్ని వెన్నుపూసలు. పుర్రె లేదు, పన్ను లేదు. వేటగాడని మనం అంటున్నది దాని చుట్టాలను చూసి.

అందులో నాకు ఆసక్తిగా అనిపించిన ముచ్చట ఒకటుంది. కింది మలేరి పొరల్లో చిలకముక్కు లాంటి మూతితో, పందిలా బలిసిన రింకోసార్లు మందలకొద్దీ ఉన్నాయి. పై పొరలకు వచ్చేసరికి అవి లేవు. అంత తిండి మాయమయ్యాక కూడా ఈ వంశం ఇక్కడ నిలిచి ఉందంటే ఏం తిని బతికింది? ఆ పై పొరల్లో నంబాలియా, జాక్లపల్లిసారస్ అనే పొడుగు మెడ శాకాహారులున్నాయి. వాటి పిల్లలను పట్టి ఉంటుందని అనుకోవడం సులువే. అనుకోవడం వరకే.

హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటసారస్ అనే పెద్ద శాకాహార డైనోసార్ అస్థిపంజరం ముందు ఫొటో దిగని బడి పిల్లలు మన దగ్గర తక్కువ. పెద్ద శాకాహారులకు ఎముకలు బోలెడు, అందుకే వాటిని నిలబెట్టగలిగారు. వేటగాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఒకదానికి నోరుంది, ఒళ్లు దానిదో కాదో తెలియదు. ఇంకోదానికి నడుముంది, నోరు లేదు. తెలంగాణ వేట డైనోసార్ అని బొమ్మ వేసే ప్రతివాళ్లూ తెలిసో తెలియకో ఈ రెంటినీ కలిపి కుడుతున్నారు. నా దృష్టిలో అది తప్పేం కాదు, ‘మాంసాహారి’ పక్కన ఒక ప్రశ్నార్థకం ఉంటే చాలు.

వారం తర్వాత అదే బడికి పనిమీద వెళ్తే ఆ పిల్ల కనిపించింది. ఉన్న సంగతంతా చెప్పాను, నా తొమ్మిది మార్కుల తొందరతో సహా. థర్మకోల్ బొమ్మ ఇంకా స్టాఫ్ రూమ్ బీరువా మీదే ఉంది. దాన్ని కాసేపు చూసి, ‘అయితే తల కోసి పక్కకు పెట్టాల్నా సార్?’ అంది. పెట్టమన్నాను. బ్లేడు కోసం వెళ్లింది.