ఉల్లిగడ్డను ఆపిల్ అనిపించే విద్య క్లినిక్‌ దాకా ఎలా వచ్చింది?

హన్మకొండలో మా గల్లీ మూల మీద కరెంటు స్తంభానికి ఒక చిన్న ఫ్లెక్సీ కట్టారు. "హిప్నాటిజంతో మందు, సిగరెట్, పరీక్షల భయం మూడు సిట్టింగుల్లో మాయం." కింద ఒక ఫోన్ నంబర్. ఎదురుగా కిరాణం నడిపే అన్న దాన్ని చూపించి అడిగాడు: "తమ్మీ, పండవెట్టి మన లోపలి మాటలన్నీ కక్కిస్తరట, నిజమేనా?"

ఆయన భయపడడంలో వింతేమీ లేదు. ఈ విద్యకు తెలుగులో మనం పెట్టుకున్న పేర్లు వశీకరణం, సమ్మోహనం. ఎవడో మనల్ని గుప్పిట్లో పెట్టుకుంటాడని పేరే చెబుతోంది. ఇంగ్లిష్ పేరుదీ అదే గతి. 1840ల్లో మాంచెస్టర్‌లో పనిచేసిన స్కాటిష్ సర్జన్ జేమ్స్ బ్రెయిడ్ గ్రీకుల నిద్రదేవుడు హిప్నోస్ పేరు తీసుకుని హిప్నాటిజం అనే మాటను వాడుకలోకి తెచ్చాడు. తీరా చూస్తే ఇది నిద్ర కాదని, మనసంతా ఒకే తలంపు మీద నిలబడడమని ఆయనకే అర్థమైంది. 1847లో వేరే పేరు పెట్టి చూశాడు. ఎవరూ పట్టించుకోలేదు.

మా తరానికి ఇది పరిచయమైంది స్కూల్ వార్షికోత్సవాల్లో. స్టేజీ మీదికొచ్చిన మెజీషియన్ ముందుగా హాలు మొత్తానికి ఒక పని చెబుతాడు: "రెండు చేతుల వేళ్లూ పెనవేసి తల మీద పెట్టుకోండి. గట్టిగా బిగుసుకుపోతున్నాయి, ఇక విడదీయలేరు." నా చేతులు టక్కున విడిపోయాయి, కూర్చోమన్నాడు. విడదీయలేక తంటాలు పడుతున్న నలుగురైదుగురిని పైకి పిలిచాడు. అందులో ఒకడు పచ్చి ఉల్లిగడ్డను ఆపిల్ అనుకుని కరకరా నమిలాడు. అప్పుడు మెజీషియన్ శక్తికి నోరు తెరిచాం. కిటుకంతా ఎవరిని పైకి పిలవాలన్న దాంట్లోనే ఉందని చాలా ఏళ్లకు తెలిసింది. హిప్నాసిస్‌కు, అంటే ఆ మైకానికి, బాగా లొంగేవాళ్లు నూటికి పది, పదిహేను మందే ఉంటారు. దాదాపు అంతే మందికి అసలు ఏమీ కాదు. మిగతా వాళ్లంతా మధ్యరకం. స్టేజీకి ఆ పదిమంది చాలు. క్లినిక్‌కు అట్లా ఏరుకునే వీలుండదు.

శక్తి ఎవరిదన్న తగాదా రెండున్నర శతాబ్దాల నాటిది. వియన్నా నుంచి పారిస్ చేరిన ఫ్రాంజ్ మెస్మర్, తన దగ్గర ఒక రకమైన అయస్కాంత శక్తి ఉందని, దాంతో రోగాలు కుదురుస్తానని చెప్పుకున్నాడు. జనం ఎగబడ్డారు. 1784లో ఫ్రాన్స్ రాజు విచారణకు కమిషన్ వేశాడు. అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లావోయిజర్ లాంటి వాళ్లు అందులో సభ్యులు. వాళ్లు చేసిన పరీక్ష ఒకటి చూడండి. ఫ్రాంక్లిన్ ఇంటి తోటలో ఒక చెట్టుకు మాత్రమే మెస్మర్ శిష్యుడి చేత 'శక్తి' ఎక్కించారు. పన్నెండేళ్ల పిల్లాడికి కళ్లకు గంతలు కట్టి, ఒక్కో చెట్టు దగ్గరికీ తీసుకెళ్లారు. వాడు నాలుగో చెట్టు దగ్గర స్పృహ తప్పి పడిపోయాడు. శక్తి ఎక్కించిన చెట్టు అది కాదు. ఇదంతా ఊహ పనేనని కమిషన్ తేల్చేసింది. నిజమే, కానీ ఉత్త ఊహే పిల్లాడిని పడగొట్టిందంటే, అదే ఊహతో పడిపోయిన మనిషిని లేపలేమా? ఆ ప్రశ్న వేసుకోకుండానే ఫైలు మూసేశారు.

ఆ ప్రశ్న దగ్గరికి వచ్చినవాడు మనవాడే. గోవాలోని కాండోలిమ్‌లో 1756లో పుట్టిన అబే ఫారియా అనే క్రైస్తవ పూజారి. 1813లో పారిస్‌లో ప్రదర్శనలిస్తూ, తన దగ్గర ఏ శక్తీ లేదని, జరిగేదంతా కూర్చున్నవాడి మనసులోనే జరుగుతుందని చెప్పాడు. పణజిలో ఆయన విగ్రహం ఉంది. రెండు చేతులూ చాచి, ఒక స్త్రీని మైకంలోకి దించుతున్నట్టు ఉంటుంది. 'నా దగ్గర శక్తి లేదు' అన్నవాడికి అలాంటి విగ్రహం పెట్టాం!

1845 ఏప్రిల్‌లో బెంగాల్‌లోని హుగ్లీలో ఈస్టిండియా కంపెనీ సర్జన్ జేమ్స్ ఎస్డెయిల్ ఒక ఖైదీకి మైకం తెప్పించి ఆపరేషన్ చేశాడు. అది మొదలు వందల ఆపరేషన్లు. అంతలోనే ఈథర్, క్లోరోఫాం వచ్చిపడ్డాయి, ఈ పద్ధతి మూలకు పోయింది. ఆ క్లోరోఫాం ఎంతవరకు క్షేమమో తేల్చడానికి 1888, 1889ల్లో రెండు కమిషన్లు కూర్చున్నది మన హైదరాబాద్‌లోనే, నిజాం సర్కారు ఖర్చుతో.

మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ కూడా హిప్నాసిస్‌తోనే మొదలుపెట్టి 1890ల్లో వదిలేశాడు. తర్వాత ఆయన బాటలో వచ్చిన చికిత్స ఏళ్లకేళ్లు సాగేది. మళ్లీ దారి మళ్లించినవాడు అమెరికన్ సైకియాట్రిస్ట్ మిల్టన్ ఎరిక్సన్. పదిహేడేళ్ల వయసులో పోలియోతో మంచాన పడ్డాడు. కదల్లేని ఆ రోజుల్లో ఇంట్లోవాళ్లు నోటితో ఒకటి చెబుతుంటే ఒళ్లు ఇంకొకటి చెప్పడం గమనిస్తూ గడిపాడు. పెద్దయ్యాక ఆయన 'నిద్రపో' అని హుకుం వేయలేదు. కథలు చెప్పాడు, వింత పనులు పురమాయించాడు. అమెరికాలోని మిల్వాకీ ఊళ్లో ఒక పెద్దావిడ దిగులుతో ఇల్లు కదలడం మానేసింది. చర్చికి తప్ప ఎక్కడికీ పోదు. ఎరిక్సన్ ఇల్లంతా తిరిగి చూస్తే, ఒక గదిలో మాత్రం ఆఫ్రికన్ వయొలెట్ పూలమొక్కలు పచ్చగా ఉన్నాయి. ఆమె దిగులు గురించి పెద్దగా తవ్వలేదు. ఇంకా మొక్కలు పెంచమన్నాడు. చర్చివాళ్ల ఇళ్లలో పెళ్లయినా, పురుడొచ్చినా, చావు జరిగినా ఒక కుండీ పంపమన్నాడు. అంతే. ఆమె చనిపోయినప్పుడు వయొలెట్ల మహారాణి పోయిందని పత్రిక రాసిందని ఎరిక్సన్ చెప్పేవాడు.

ఈ తీరు నుంచే పొట్టి చికిత్సలు పుట్టుకొచ్చాయి. 1960ల్లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో పది సిట్టింగులకు మించకుండా చూసే కేంద్రం మొదలైంది. 1978లో మిల్వాకీలో స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బర్గ్ దంపతులు, సమస్యను తవ్వడం కన్నా అది లేని క్షణాలను పట్టుకోవాలన్నారు. మొరీనో అనే సైకియాట్రిస్ట్ మొదలుపెట్టిన, మనిషి చేత తన కష్టాన్నే ఆడించే నాటకం, ఖాళీ కుర్చీతో మాట్లాడించడం, బొమ్మలు వేయించడం కూడా వీటితో కలిశాయి.

మన దగ్గర పొట్టి చికిత్స సోకు కాదు. ఏటూరునాగారం నుంచి బస్సెక్కి వచ్చే మనిషికి ఒక సిట్టింగంటే ఒక రోజు కూలి. పదిసార్లు రమ్మంటే రెండోసారే రాడు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మామూలు మానసిక సమస్యలున్న నూటికి ఎనభై అయిదు మందికి ఏ చికిత్సా అందడం లేదు. ఇక కథ చెబితే మనిషి ఎట్లా లీనమవుతాడో మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఐనవోలు జాతరలో ఒగ్గు డోలు మోగుతుంటే, మల్లన్న కథ వింటున్న ముసలమ్మ చేతిలోని చాయ్ చల్లారిపోయినా ఆమెకు తెలియదు. దాన్ని, శివసత్తుల పూనకాన్ని తీసుకొచ్చి హిప్నాసిస్ అనేస్తే తొందరపాటే. కానీ చుట్టూ ఉన్నది మరిచి ఒకదాంట్లో మునగడం మాత్రం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.

ఇక ఫ్లెక్సీ సంగతి. నొప్పికి, ఐబీఎస్ అనే మొండి పేగుల జబ్బుతో వచ్చే కడుపునొప్పికి హిప్నాసిస్ పనిచేస్తుందనడానికి మంచి ఆధారాలున్నాయి. సిగరెట్ విషయంలో అంత గట్టి ఆధారాలు లేవు. గత జన్మలు చూపిస్తామంటే లేచి వచ్చేయండి. హిప్నాసిస్‌లో గుర్తుకొచ్చేవన్నీ నిజాలని నమ్మడానికి లేదు, లేనివి కూడా నిజంలా గుర్తుకొస్తాయి. చెవుల్లో మాటలు వినిపించే జబ్బుకు ఇది మందు కాదు, సైకియాట్రిస్ట్‌ను చూడాల్సిందే. అసలు హిప్నాసిస్ విడిగా ఒక చికిత్స కూడా కాదు, చికిత్స తెలిసినవాడి చేతిలో ఒక పనిముట్టు. అందుకే ఫ్లెక్సీ వేసినాయనను ముందు డిగ్రీ ఏమిటో, క్లినికల్ సైకాలజిస్టైతే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగాలి. బస్సు చార్జీలు కూడా లేనివాళ్లకు టెలీ మానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

కిరాణం అన్న చివరికి ఆ ఫ్లెక్సీ నంబర్‌కు చేయలేదు, ఒక సైకాలజిస్ట్ దగ్గరికి పోయాడు. ఆయన టెన్షనంతా అప్పులది. పండవెట్టనే లేదట. "రాత్రి మీరు పడుకున్నంక ఈ బాధ మాయమైందనుకోండి, పొద్దున లేవంగనే దేనివల్ల తెలుస్తది?" అని అడిగారట. అన్న చాలాసేపు ఆలోచించి, "ఫోన్ మోగితే గుండె జల్లుమనదు మేడమ్" అన్నాడట.

"ఈ మధ్య అట్ల జల్లుమనని రోజు ఒక్కటన్న ఉన్నదా?"

"ఆదివారం. ఆ రోజు పొద్దుగాల మోగితే మా బిడ్డ ఫోనే."