స్కూల్ టూర్లు: అపోహలు – వాస్తవాలు

నేను సోషల్ టీచర్‌ని. మా బడి నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో ఉంది. ఏటా టూర్ మాట ఎత్తగానే స్టాఫ్‌రూమ్‌లోనూ, తల్లిదండ్రుల మీటింగ్‌లోనూ కొన్ని మాటలు వినిపిస్తాయి. వాటి గురించి నాకు తెలిసింది రాస్తున్నాను.

అపోహ: టూర్ ఒక్కరోజు సరదా. వారం తిరిగేసరికి అన్నీ మర్చిపోతారు.

వాస్తవం: అమెరికాలో జాన్ ఫాక్, లిన్ డియర్కింగ్ అనే పరిశోధకులు 128 మందిని స్కూల్ టూర్ల గురించి అడిగి, 1997లో ఆ వివరాలు ప్రచురించారు. వాళ్లలో పిల్లలూ పెద్దవాళ్లూ ఉన్నారు. ఏళ్లు గడిచినా దాదాపు అందరికీ ఆ టూర్లు గుర్తున్నాయి.

నేను కళ్లారా చూసింది కూడా అదే. మా పిల్లలు రోజూ కాలువ గట్టు మీదుగానే బడికి వస్తారు. ఆ నీళ్లు ఎక్కడివంటే "సాగర్‌వి" అని ఊరుకుంటారు. ఒక ఏడాది ఎనిమిదో తరగతిని నాగార్జునకొండకు తీసుకెళ్లాను. లాంచీ జలాశయం మధ్యకు వచ్చాక, ఈ నీళ్ల కింది లోయలోనే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేదని చెప్పాను. మునిగిపోకముందే 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, దొరికినవాటిలో ముఖ్యమైనవాటిని కొండ మీదకీ, జలాశయం ఒడ్డునున్న అనుపు అనే చోటుకీ తరలించారని వివరించాను. ఒకమ్మాయి నీళ్లకేసే చూస్తూ, "మరి ఇక్కడ ఊళ్లుండేవి కదా టీచర్, వాళ్లంతా ఎక్కడికెళ్లారు?" అంది. మా పాఠంలో ఆ ప్రశ్న లేదు. తర్వాతి వారం తాతయ్యను అడిగి, ముంపు ఊళ్ల గురించి రెండు పేజీలు రాసుకొచ్చింది. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. మొన్న కనిపించినా ఆ లాంచీ మాటే ఎత్తింది.

అపోహ: సిలబస్ వెనకబడుతుంది.

వాస్తవం: ఒక రోజు పోతుంది, నిజమే. కానీ డ్యామ్ మీది 26 క్రస్ట్ గేట్లను లెక్కపెట్టి వచ్చిన పిల్లలకు నీటిపారుదల పాఠం సగం టైమ్‌లోనే అర్థమవుతుంది.

అపోహ: బస్సెక్కిస్తే చాలు, వాళ్లే నేర్చుకుంటారు.

వాస్తవం: ఇది మా టీచర్లలోనే ఎక్కువ. ఒకే రోజు నాలుగు చోట్లు తిప్పితే పిల్లలకు మిగిలేది బస్సులో పాటలూ, పులిహోర పొట్లాలూ. అవీ కావాలి, కానీ అవే మిగలకూడదు. అందుకే నేను ఒక్క చోటే పెట్టుకుంటాను. ముందురోజు మ్యాప్ చూపించి, ఒక్కొక్కరినీ ఒక ప్రశ్న రాసుకోమంటాను. తిరిగొచ్చిన మర్నాడు ఒక పీరియడంతా వాళ్లదే, నేను వింటాను.

అపోహ: టూర్ అంటేనే ప్రమాదం.

వాస్తవం: ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. 2014 జూన్‌లో హిమాచల్‌లో, డ్యామ్ నుంచి ఒక్కసారిగా నీళ్లు వదలడంతో, బియాస్ నదిలో ఉన్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. అందుకే డ్యామ్ దిగువన నదిలో ఎవర్నీ కాలు పెట్టనివ్వం. లైఫ్ జాకెట్ లేనిదే లాంచీ ఎక్కించం. పదిమందికి ఒక టీచర్ ఉంటారు. ఎక్కినప్పుడూ దిగినప్పుడూ పేర్లు పిలిచి లెక్క చూస్తాం.

అపోహ: డబ్బున్న బడులకే ఇవన్నీ.

వాస్తవం: పోయినేడు ఆరో తరగతి వాళ్లతో ఊళ్లోని రైస్ మిల్లుకు నడిచే వెళ్లాం. క్వింటా వడ్లు ఆడిస్తే బియ్యం 67 కిలోల దాకా వస్తాయని గుమస్తా చెప్పగానే, "మిగతాది ఏమవుతుంది?" అని ఒక పిల్లవాడు అడిగాడు. ఆయన వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి ఊక గుట్ట, తవుడు బస్తాలు, నూకలు అన్నీ చూపించారు. తవుడు నుంచి నూనె తీస్తారని విని, వాడు ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగాడు.