లెక్క తప్పిన చోట

2004 నవంబరులో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో గవర్నరు ఎన్నిక జరిగింది. సుమారు 28 లక్షల ఓట్లు పడ్డాయి. మొదటి లెక్కలో డినో రోసీ 261 ఓట్లతో ముందున్నాడు. తేడా మరీ తక్కువ కాబట్టి మెషీన్లతో మళ్లీ లెక్కపెట్టారు. అప్పుడూ రోసీయే ముందు, కానీ ఆధిక్యం 42కి దిగింది. మూడోసారి మనుషులు కూర్చుని చేత్తో లెక్కపెట్టారు. ఈసారి క్రిస్టీన్ గ్రెగోయిర్ 129 ఓట్లతో గెలిచింది. గవర్నరు కుర్చీ ఆమెకే దక్కింది.

అవే ఓట్లకు మూడు జవాబులు వచ్చాయన్నమాట. నిజానికి ‘అవే ఓట్లు’ అనడంలోనూ మెలిక ఉంది. సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీలో కొన్ని వందల ఓట్లను పొరపాటున పక్కన పెట్టేశారని మూడో లెక్క నడుస్తుండగా బయటపడింది. వాటినీ చేర్చారు. అంటే తేడా వేళ్ల దగ్గరే రాలేదు, దేన్ని లెక్కలోకి తీసుకోవాలన్న దగ్గర కూడా వచ్చింది. ఈ రెండు రకాల తప్పుల్నీ ఇంగ్లీషువాళ్లు ఒకే మాటతో పిలుస్తారు. మిస్‌కౌంట్.

మాట చూడ్డానికి తేలిక. ముందు మిస్, వెనక కౌంట్. అయితే ఇంగ్లీషులో ఈ ‘మిస్’లు రెండున్నాయి. ఒకటి ఆ భాషకు పుట్టుకతో వచ్చిన జర్మానిక్ ముక్క, చెడ్డపని అనే అర్థమున్న ‘మిస్‌డీడ్’లో ఉన్నది అదే. రెండోది పాత ఫ్రెంచి నుంచి వచ్చిన ‘మెస్’. దాని వేరు లాటిన్‌లోని ‘మినుస్’, అంటే తక్కువ. మనం బడిలో నేర్చుకున్న మైనస్ అదే. ఇంగ్లీషులోకి వచ్చాక రెండూ కలిసిపోయి ఒకటే అయ్యాయి. మిస్‌కౌంట్ 14వ శతాబ్దంలో పాత ఫ్రెంచి ‘మెస్‌కోంతేర్’ నుంచి వచ్చింది కాబట్టి దాని కడుపులో ఒక మైనస్ దాక్కుని ఉంది. ఎక్కువ లెక్కపెట్టినా ఆ మైనస్ పోదు పాపం.

కౌంట్ కథ ఇంకా బాగుంటుంది. దాని మూలం లాటిన్ ‘కంప్యుతారే’. అందులోని ‘పుతారే’కు మొదటి అర్థం శుభ్రం చేయడం, చెట్టు కొమ్మలు నరకడం. చెయ్యో కాలో తీసేయడాన్ని డాక్టర్లు అంప్యుటేషన్ అంటారే, ఆ మాటలో ఉన్నది ఈ కొమ్మ నరుకుడే. కొమ్మలు తీసి చెట్టును తేట చేసినట్టే ఖాతాను తేట చేయడం, అక్కణ్నుంచి లెక్క కట్టడం, ఆ తర్వాత అనుకోవడం, తలపోయడం. అర్థం అలా పాకుతూ పోయింది. అదే లాటిన్ మాట ఫ్రెంచి నోట్లో నాని, అరిగి కౌంట్ అయింది. అరగకుండా పుస్తకాల దారిలో వచ్చినది కంప్యూట్ అయింది. మన ఒళ్లో ఉన్న కంప్యూటరు, వేళ్లు మడిచి లెక్కపెట్టే పిల్లాడు మాటల వరసలో అన్నదమ్ముల బిడ్డలు.

ఫ్రెంచిలో ఇదే వేరు నుంచి రెండు క్రియలున్నాయి. ఒకటి లెక్కపెట్టడం, రెండోది కథ చెప్పడం. పలకడంలో తేడా లేదు, రాతలో మాత్రం మొదటిదాంట్లో ఒక మూగ ‘ప’ ఉంటుంది. ఇంగ్లీషులో ‘రీకౌంట్’ అంటే మళ్లీ లెక్కపెట్టడమూ అవుతుంది, జరిగింది చెప్పడమూ అవుతుంది. బ్యాంకులో డబ్బు లెక్కపెట్టే ఉద్యోగిని టెల్లర్ అంటారు. ‘టెల్’ అంటే చెప్పడం కదా, డబ్బు దగ్గర దానికేం పనని నాకు చిన్నప్పుడు అనుమానం. ఆ క్రియకు ఒకప్పుడు లెక్కపెట్టడమనే అర్థమూ ఉండేది. బ్రిటన్ పార్లమెంటులో ఓట్లు లెక్కించే సభ్యుల్ని ఇప్పటికీ టెల్లర్లనే అంటారు.

మన భాషల్లో లెక్క ముడిపడింది చెప్పడంతో కాదు, తలపుతో. తమిళంలో ‘ఎణ్’ అంటే సంఖ్య, ‘ఎణ్ణు’ అంటే తలపోయడం. తెలుగులో దాని తోబుట్టువులు ఎన్ను, ఎంచు. వేళ్లతో ఎంచుతాం, తప్పులూ ఎంచుతాం, నచ్చినదాన్ని ఎంచుకుంటాం. ‘ఎన్నిక’లోనూ ఆ ఎన్నడమే ఉంది. 1989లో అనకాపల్లి లోక్‌సభ సీటును కొణతాల రామకృష్ణ 9 ఓట్ల తేడాతో గెలిచారు. లక్షల ఓట్లు పడ్డ చోట తొమ్మిది! ఆ రోజు లెక్కింపు హాల్లో కూర్చున్న ఏజెంట్ల టెన్షన్ ఊహించుకోవచ్చు.

అయితే లెక్కపెట్టడమంటే నోటితో చెప్పడమేనన్న సంగతి నేను మొదట చూసింది ఏ నిఘంటువులోనూ కాదు, మా తాతయ్య కల్లంలో. వడ్లు కొలిచే మనిషి ఒకటి అనడు, ‘లాభం’ అంటాడు. కుంచం నిండేదాకా ‘లాభం, లాభం, లాభం’ అని పాడుతూనే ఉంటాడు. రెండో కుంచం ఎత్తాక ‘రెండు, రెండు, రెండు’. కొందరు ఏడు అనే మాటే రానివ్వరు, అందులో ఏడుపు వినిపిస్తుందని. ఆరున్నొకటి అంటారు. ‘ఆరున్నొక్క రాగం అందుకున్నాడు’ అన్నప్పుడు మనం నవ్వేది అందుకే. ఆ పాట వట్టి ఆచారమని చాలా ఏళ్లు అనుకున్నాను. లెక్క జారిపోకుండా అంకెను నాలుక మీద పట్టుకునే ఉపాయం అది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే తాతయ్య కళ్లెర్రజేసేవారు.

మనసుకు అంత చిన్న పనిలో సాయం ఎందుకు కావాలి? 1871లో విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఆర్థికవేత్త తన మీద తానే ఒక పరీక్ష చేసుకున్నాడు. గుప్పెడు చిక్కుడు గింజల్ని ఒక పెట్టెలోకి విసిరి, చూసీ చూడగానే ఎన్ని పడ్డాయో చెప్పడం, తర్వాత లెక్కపెట్టి సరిచూసుకోవడం. వెయ్యిసార్లకు పైగా చేశాడు. మూడు, నాలుగు గింజల దగ్గర ఒక్కసారీ తప్పలేదు. ఐదు దగ్గర అప్పుడప్పుడూ తప్పాడు. ఆ పైన గింజలు పెరిగేకొద్దీ తప్పులూ పెరిగాయి. ఫలితాల్ని ‘నేచర్’ పత్రికలో అచ్చు వేయించాడు. నాలుగు దాకా కన్ను చూడగానే పట్టేస్తుంది. ఈ చూపుకు 1949లో మనస్తత్వ శాస్త్రవేత్తలు ‘సబిటైజింగ్’ అని పేరు పెట్టారు, లాటిన్‌లో హఠాత్తుగా అనే అర్థమున్న మాట నుంచి. నాలుగు దాటితే ఒక్కో వస్తువుకూ ఒక్కో అంకె అంటించుకుంటూ పోవాల్సిందే. ఒకదానికి రెండు అంకెలు అంటించినా, ఒకదాన్ని వదిలేసినా లెక్క పోయినట్టే. నాలుగు నిలువు గీతలు గీసి ఐదోది అడ్డంగా కొట్టే పద్ధతి కంటికున్న ఈ హద్దుకు బాగా సరిపోతుంది.

వేళ్లు తప్పకపోయినా లెక్క తప్పే చోటు ఇంకొకటుంది. ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది. దీనికి రోమ్‌ను మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

జూలియస్ సీజర్ నాటికి రోమన్ క్యాలెండరు రుతువులతో తెగతెంపులు చేసుకుంది. దాన్ని దారిలో పెట్టడానికి క్రీ.పూ. 46వ సంవత్సరాన్ని ఏకంగా 445 రోజులకు సాగదీశాడు. క్రీ.పూ. 45 నుంచి కొత్త పద్ధతి మొదలైంది. ఏడాదికి 365 రోజులు, ప్రతి నాలుగో ఏడూ ఒక రోజు అదనం. మరుసటి ఏడాదే సీజర్‌ను చంపేశారు. క్యాలెండరు పూజారుల చేతుల్లో పడింది. రోమన్లు లెక్కపెట్టేటప్పుడు మొదటిదాన్నీ చివరిదాన్నీ రెండింటినీ కలుపుకుంటారు. ఎనిమిది రోజులకోసారి వచ్చే సంతకు వాళ్లు పెట్టుకున్న పేరులో ఉన్నది తొమ్మిది. అలవాటు ప్రకారం పూజారులు ఒక లీపు ఏడాదినే ‘ఒకటి’ అనుకుని మొదలుపెట్టారు. వాళ్ల ‘నాలుగో ఏడు’ మూడేళ్లకే వచ్చేసింది. 36 ఏళ్లలో 9 లీపు రోజులు రావాల్సింది, 12 వచ్చాయి. చివరికి అగస్టస్ చక్రవర్తి కనిపెట్టి, 12 ఏళ్లపాటు లీపు రోజు అనేదే లేకుండా చేసి ఆ మూడు రోజుల అప్పు తీర్చాడు. పూజారులకు లెక్కలు రావని దీన్ని చదివిన కొందరు నవ్వుతారు. నాకలా అనిపించదు. వాళ్ల లెక్క వాళ్ల భాషలో సరైనదే.

ఆ భాష ఇంకా చావలేదు కూడా. యేసును శుక్రవారం శిలువ వేస్తే ఆదివారం ‘మూడో రోజు’ అయింది ఆ లెక్క వల్లనే. ఫ్రెంచివాళ్లు వారాన్ని ఎనిమిది రోజులనీ, రెండు వారాల్ని పదిహేను రోజులనీ అంటారు. మన ఇళ్లలో పదో రోజు, పదకొండో రోజు అన్నప్పుడు పోయిన రోజే ఒకటి. వయసు విషయంలో మాత్రం తెలుగు జాగ్రత్తపడింది. ‘పదో ఏడు నడుస్తోంది’ అంటే తొమ్మిదే నిండాయని ఎవరైనా చెబుతారు. ‘పదేళ్లు నిండాయి’ అంటే వేరు. సాఫ్ట్‌వేర్ పిల్లలు రోజూ తిట్టుకునే ‘ఆఫ్ బై వన్’ ఎర్రర్, అంటే లెక్క ఒకటి అటో ఇటో అయ్యే తప్పు కూడా ఇదే, సున్నా నుంచా ఒకటి నుంచా అన్న తగువు. పది గజాల గోడ పొడవునా గజానికో గుంజ పాతితే కావాల్సింది పది కాదు, పదకొండు.

తెలుగులో లెక్క తప్పితే మంచి జరిగే చోటు ఒకటే గుర్తొస్తోంది. ‘కోడలు నెల తప్పింది’ అన్నప్పుడు.

కల్లంలో ఒకసారి పాట నిజంగానే ఆగిపోయింది. ఎవరో బంధువు వచ్చి ‘ఏం బావా, బాగున్నావా’ అన్నాడు. కొలిచే మనిషి తలెత్తి నవ్వాడు. తిరిగి వంగేసరికి అది పద్దెనిమిదో పంతొమ్మిదో అతనికి తెలియలేదు. చుట్టూ ఉన్న నలుగురిలో ఇద్దరు ఒకటన్నారు, ఇద్దరు ఇంకొకటన్నారు. తాతయ్య ఏమీ అనలేదు. కొలిచిన వడ్లన్నీ మళ్లీ రాశిలో పోయించి, బంధువును అవతల కూర్చోబెట్టి, కుంచం కొలిచే మనిషి చేతికిచ్చారు. అతను గొంతు సవరించుకుని ‘లాభం’ అన్నాడు.