మగపిల్లాడు అన్నం మానేస్తే

పర్లాకిమిడి నుంచి ఒక తల్లి అడిగారు: "ప్లస్ టూ అయిన మా వాడు ఆర్మీ ర్యాలీ కోసమని తిండి తగ్గించాడు. ర్యాలీ అయిపోయినా మళ్లీ మామూలుగా తినడం లేదు. పఖాళ (చద్దన్నం) పెడితే తరవాణి ఒంపేసి, నాలుగు మెతుకులు ఏరుకుని లేచిపోతాడు. ఎండాకాలంలోనూ చలి అంటాడు. ఆడపిల్లలకొచ్చే ఆ తిండి జబ్బు మగపిల్లలకీ వస్తుందా?"

వస్తుందమ్మా. దాని పేరు అనొరెక్సియా, బరువు పెరుగుతానన్న భయంతో తిండి మానేసి చిక్కిపోయే జబ్బు. ఇది కొత్తదీ కాదు. 1689లో లండన్ వైద్యుడు రిచర్డ్ మోర్టన్ ఈ జబ్బు గురించి రాసినప్పుడు వర్ణించిన ఇద్దరు రోగుల్లో ఒకరు పదహారేళ్ల కుర్రాడే. 2007లో అచ్చయిన అమెరికా సర్వేలో జీవితంలో ఎప్పుడైనా అనొరెక్సియా వచ్చినవాళ్లు ఆడవాళ్లలో 0.9 శాతం, మగవాళ్లలో 0.3 శాతం.

మరి మగవాళ్లలో ఎందుకు పోల్చుకోలేకపోతున్నాం? నన్ను బాగా ఆకట్టుకున్న జవాబు హార్మోన్లలో ఉంది. ఒంట్లో కొవ్వు కరిగితే, అది విడుదల చేసే లెప్టిన్ అనే హార్మోన్ పడిపోతుంది. మెదడు అడుగునున్న హైపోథాలమస్ దాన్ని కరువు కింద లెక్క కడుతుంది. కరువొచ్చిన ఏడు ఇంట్లో పెళ్లి వాయిదా వేసినట్టే, శరీరం సంతానానికయ్యే ఖర్చు ఆపేస్తుంది. హైపోథాలమస్ విడతలు విడతలుగా వదిలే జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ మందగిస్తుంది. దాంతో మెదడు కిందనున్న పిట్యూటరీ గ్రంథి నుంచి రావలసిన ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లు తగ్గి, ఆడపిల్లలో ఈస్ట్రోజన్, మగపిల్లాడిలో టెస్టోస్టెరాన్ పడిపోతాయి. ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లను మూడు రోజులు పస్తుంచితే టెస్టోస్టెరాన్ తగ్గిందనీ, పస్తులోనే లెప్టిన్ ఎక్కిస్తే ఆ తగ్గుదల ఆగిందనీ 2003లో తేల్చారు. దారి ఇద్దరికీ ఒకటే.

కానీ ఆడపిల్లకి నెలసరి ఆగితే తల్లి కనిపెట్టేస్తుంది. అబ్బాయి విషయంలో ముహూర్తమే ఎవరికీ తెలియదు, పెళ్లి ఆగిందని అడిగేదెవరు? కోరిక తగ్గుతుంది, ఎముక పలచబడుతుంది. మొదటిది అమ్మతో చెప్పుకునేది కాదు, రెండోది పైకి కనబడదు. వైద్యుల కొలబద్ద కూడా అలాగే తయారైంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1994 నిర్వచనంలో వరుసగా మూడు నెలసరులు రాకపోవడం ఒక లక్షణం. 2013లోగానీ దాన్ని తీసేయలేదు. అయితే ఆకలి మనిషిని ఏం చేస్తుందో మనకు బాగా నేర్పింది మగవాళ్లే! 1945లో అమెరికాలోని మిన్నెసోటాలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ప్రయోగం కోసం 36 మంది యువకులకు 24 వారాలు అరకడుపు తిండి పెట్టాడు. వాళ్లు కంచాలు నాకారు, వంటల పుస్తకాలు పోగేశారు, వేసవిలో చలికి వణికారు.

మన వైపు ఇంకో చిక్కుంది. బక్కచిక్కిన పిల్లాడికి దిష్టి తీస్తారు, గాలి సోకిందంటారు, టీబీ పరీక్ష చేయిస్తారు. మాల వేసుకుని ఒంటిపూట తింటే భక్తి అంటారు, జిమ్‌కెళ్లి గుడ్డు తెల్లసొనే తింటే క్రమశిక్షణ అంటారు. దీక్షలోనూ కసరత్తులోనూ తప్పేమీ లేదు. దీక్ష ముగిశాక కూడా తినలేకపోతున్నాడా అన్నది చూడాలి. కండలు చాలవన్న దిగులుతో తిండి విషయంలో తమను తాము పీడించుకునేవాళ్లూ ఉన్నారు. దాన్ని మజిల్ డిస్‌మార్ఫియా అంటారు.

బాబుకి నాడి, పడుకునీ నిలబడీ బీపీ, రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్ చూపించండి. బాగా చిక్కిపోయి ఉంటే ఒక్కసారిగా కడుపునిండా పెట్టకండి. ఇన్సులిన్ ఎగసి ఫాస్ఫేట్ కణాల్లోకి పోతుంది, రక్తంలో తగ్గిపోతుంది, గుండె లయ తప్పొచ్చు. తిండి పెంచడం డాక్టరు చూస్తుండగా, కొద్దికొద్దిగా జరగాలి. కళ్లు తిరిగి పడినా, నాడి బాగా నెమ్మదించినా ఆగకుండా బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లండి. మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416.