వంశధార పుట్టే కొండల మీద బాక్సైట్

ఒడిశాలోని రాయగడ జిల్లా చాటికొనలో బుధవారం సంతకు వెళ్తే అనాసలు, పసుపు, అల్లం తట్టలతో డోంగ్రియా కోంధు గిరిజనులు కనిపిస్తారు. వాళ్ల కువి భాష మన తెలుగుకు దగ్గరి చుట్టమే. ఆ పంటంతా నియమగిరి వాలుల్లో పండేది. వాలులకు నీళ్లిచ్చేది కొండ నెత్తి. ఆ నెత్తిన ఉన్న బాక్సైట్‌ను, అంటే అల్యూమినియం ఖనిజాన్ని, తవ్వాలా వద్దా అన్నదే తగువంతా.

అక్కడ నేల బల్లపరుపుగా ఉంటుంది. అడుగున ఉన్నది ఖోండలైట్ రాయి. లక్షల ఏళ్లు ఎండకూ వానకూ శిథిలమై, అందులోని సిలికా కరిగి కొట్టుకుపోయింది. కరగని అల్యూమినియం, ఇనుము మిగిలి బాక్సైట్ అయ్యాయి. ఒక ముక్క చేతిలోకి తీసుకుంటే ఇటుక రంగు, ఒంటినిండా బెజ్జాలు, అక్కడక్కడా బఠాణీగింజంత గుళ్లు. వాన ఆ బెజ్జాల గుండా దిగి, కిందున్న మెత్తటి బంకమట్టి దగ్గర ఆగుతుంది. ఇక కిందికి దారి దొరక్క పక్కలకు జరిగి వాలు మీద ఊటలుగా బయటపడుతుంది. వానలు వెనకబట్టాక కూడా గెడ్డలు పారేది అందుకే. శ్రీకాకుళం పొలాలకు గొట్టా బ్యారేజీ నుంచి అందే వంశధార పుట్టింది కూడా ఈ కొండల్లోనే.

తవ్వితే రాతిలో పగుళ్లు వచ్చి నీళ్లు ఇంకా బాగా ఇంకుతాయని వాదించినవాళ్లూ ఉన్నారు. ఇంకడం సరే, నీళ్లు దాచుకునే పొరనే లారీలకెత్తాక అవి నిలిచేదెక్కడ?

శిఖరం తమ దేవుడు నియమరాజుదని డోంగ్రియాల నమ్మకం. అక్కడ చెట్టు కొట్టరు, పోడు చెయ్యరు. అలాగని కొండంతా మనిషి చెయ్యి తగలని అడవేమీ కాదు. వాలుల్లో పోడు ఉంది, దానివల్ల అడవి పలచబడిన చోట్లూ ఉన్నాయి. కానీ పోడు వదిలేస్తే అడవి మళ్లీ లేస్తుంది, తవ్విన పొర మళ్లీ రావడానికి లక్షల ఏళ్లు కావాలి.

ఇక్కడి నిల్వ సుమారు 7.2 కోట్ల టన్నులని అంచనా. కొండ కింది లాంజిగఢ్‌లో వేదాంత కంపెనీ బాక్సైట్ శుద్ధి కర్మాగారం ముందే కట్టేశారు, ఖనిజం కోసం తర్వాత వెతుక్కున్నారు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తవ్వకంపై నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలింది. 2006 అటవీ హక్కుల చట్టమే దానికి ఆధారం. జిల్లా జడ్జి పరిశీలకుడిగా ఉండగా 12 ఊళ్లలో సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి.

అక్కడితో అయిపోలేదు. 2023లో రాయగడ, కలహండి సరిహద్దులోని సిజిమాలి కొండ బాక్సైట్ నిల్వ వేలంలో అదే వేదాంతకు దక్కింది. అక్కడ గ్రామసభలు ఒప్పుకున్నాయని కాగితాలున్నాయి, ఆ సభలే సరిగ్గా జరగలేదని ఊళ్లవాళ్ల ఆరోపణ.